లీకు రాసిపెట్టిన మనిషి

పోయిన చలికాలం సెలవుల్లో హైదరాబాద్‌లోని ఒక పాత కార్ల షెడ్డులో నెల రోజులు పని నేర్చుకున్నా. నేనున్నప్పుడే అక్కడికి 1960ల నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఈఎల్ ఒకటి వచ్చింది. ఈ కారుకి మనం మామూలుగా చూసే స్టీలు స్ప్రింగులు ఉండవు. చక్రాల దగ్గర రబ్బరు బెలోస్, వాటి నిండా గాలి. ఇంజన్‌తో పాటు తిరిగే కంప్రెసర్ గాలిని ట్యాంకులోకి ఎక్కిస్తుంది. బండి కిందికి దిగితే లెవెలింగ్ వాల్వులు బెలోస్‌లోకి గాలి వదులుతాయి, పైకి లేస్తే బయటికి పంపేస్తాయి. టన్నున్నర దాటిన బండి అక్షరాలా గాలి మీద నిలబడుతుందన్నమాట. అలాంటప్పుడు ఎక్కడో ఒక ఓ-రింగ్ గట్టిపడితే చాలు, రాత్రికి రాత్రే ఒక మూల కుంగిపోతుంది.

విప్పి బాగుచేసిన వాల్వులకి లీక్ టెస్ట్ చేయడం నా పని. ముందు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పంక్చర్ షాపులో ట్యూబుకి చేసేదే. ఆ తర్వాత సాయంత్రం 8 బార్ దాకా గాలి ఎక్కించి, కుళాయి బిగించి, గేజ్ రీడింగ్ రాసి, పొద్దున్నే వచ్చి మళ్ళీ చూడాలి. బుడగ కంటికి కనబడనంత సన్నటి లీకు రాత్రంతా ఆగితే గేజ్‌లో కనబడుతుంది. ఒక వాల్వు పొద్దున 7.2 చూపించింది. రాత్రి చలి గట్టిగా ఉంది, చల్లబడితే ప్రెషర్ తగ్గడం మామూలే కదా అనుకున్నా. షీటులో ఓకే అని రాసి సంతకం పెట్టేశా.

వాల్వులు బిగించిన మూడో రోజు పొద్దున చూస్తే బండి ఎడమవైపు ముందు చక్రం మీదికి వాలిపోయి ఉంది. ఆ ఆదివారం ఓనర్ గారి కూతురి పెళ్ళి. పెళ్ళికూతురిని ఆ బండిలోనే మండపానికి తీసుకెళ్ళాలని ఆయన ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నారు. మళ్ళీ అన్నీ విప్పి, సీలు మార్చి, బిగించేసరికి పెళ్ళి అయిపోయింది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు. నేను సంతకం పెట్టిన షీటు తెచ్చి ముందు పెట్టి, తగ్గినదాంట్లో చలి ఎంత, లీకు ఎంత తమ్మీ అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తిడితేనే బాగుండేది.

కాలేజీకి తిరిగొచ్చాక లైబ్రరీలో ఎయిర్ స్ప్రింగుల గురించి వెతుకుతుంటే తెలిసిన పేరే ఎదురైంది. ఇంటర్ ఫస్టియర్‌లో పీవీ ఈజ్ ఈక్వల్ టు కాన్‌స్టంట్ అని మనమందరం బట్టీ పట్టిన రాబర్ట్ బాయిల్. గాలికి స్ప్రింగు గుణం ఉందని పుస్తకం పేరులోనే పెట్టి రాసినాయన. ఆయన జీవితం చదువుతూ పోతే నియమం కంటే ఇంకో సంగతి నన్ను ఎక్కువగా పట్టుకుంది. బాయిల్ పంపు కూడా లీకయ్యేది. ఆ సంగతి ఆయన దాచలేదు.

బాయిల్ 1627 జనవరి 25న ఐర్లండ్‌లోని లిస్మోర్ కోటలో పుట్టాడు. తండ్రి రిచర్డ్ బాయిల్, కార్క్ ప్రభువు. ఇంగ్లండ్ నుంచి చిన్న వయసులో వచ్చి, ఐర్లండ్‌లో అక్కడివాళ్ళ చేతుల్లోంచి పోయిన భూములు సంపాదించి, ఆ రాజ్యంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. రాబర్ట్ ఆయనకి పద్నాలుగో సంతానం. బాయిల్ తర్వాత చేసిన ప్రయోగాలన్నింటికీ ఖర్చు ఆ భూముల శిస్తుల్లోంచే వచ్చింది. ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

ఇంత డబ్బున్న ఇంట్లో పుట్టినా పసితనంలో పెరిగింది మాత్రం పల్లెలో ఒక దాది దగ్గర. మూడేళ్ళు వచ్చేసరికి తల్లి చనిపోయింది. చిన్నప్పుడు పట్టుకున్న నత్తి ఆయన్ని పూర్తిగా వదల్లేదు. ఎనిమిదేళ్ళకి ఈటన్ బడికి, పన్నెండేళ్ళకి అన్నతో, ఒక గురువుతో కలిసి జెనీవాకి వెళ్ళాడు. అక్కడ ఒక రాత్రి వచ్చిన ఉరుములు మెరుపుల తుఫానుకి హడలిపోయి, బతికి బయటపడితే దేవుడి దారిలో నడుస్తానని మొక్కుకున్నాడు. ఆ మొక్కు జన్మంతా నిలబెట్టుకున్నాడు. 1642 మొదట్లో ఫ్లారెన్స్‌లో ఉన్నప్పుడే ఆ ఊరి పక్కన ఆర్చెత్రిలో గెలీలియో కన్నుమూశాడు. అప్పటికి బాయిల్‌కి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు.

ఇంతలో ఐర్లండ్‌లో తిరుగుబాటు మొదలైంది. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. 1643లో తండ్రి పోయాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ చేరిన కుర్రాడికి ఆసరా ఇచ్చింది అక్క క్యాథరిన్, లేడీ రానెలా. ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్దది. లండన్‌లో ఆవిడ ఇంటికి పండితులు, రాజకీయ నాయకులు, వైద్యులు వచ్చిపోతుండేవారు. తమ్ముణ్ణి ఆ లోకానికి పరిచయం చేసింది ఆవిడే.

డోర్సెట్‌లోని స్టాల్‌బ్రిడ్జ్‌లో తండ్రి వదిలిన ఇంట్లో బాయిల్ ప్రయోగశాల పెట్టుకోవాలనుకున్నాడు. 1647లో ఒక పెద్ద మట్టి కొలిమి తెప్పించాడు. అది దారిలోనే ముక్కలై చేతికొచ్చింది. ఆ నిరాశంతా అక్కకి ఉత్తరంలో రాసుకున్నాడు. మన మినీ ప్రాజెక్టు పార్ట్‌లు కొరియర్‌లో విరిగి వచ్చినప్పుడు మనం పడే బాధ ఇరవయ్యేళ్ళ బాయిల్ కూడా పడ్డాడన్నమాట.

1650ల మధ్యలో ఆక్స్‌ఫర్డ్ చేరి, యూనివర్సిటీ కాలేజీ పక్కన హై స్ట్రీట్‌లో అద్దెకు దిగాడు. ఆ రోజుల్లోనే జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఒట్టో ఫాన్ గెరికె పాత్రలోంచి గాలి లాగేసే పంపు తయారుచేశాడని 1657లో అచ్చయిన ఒక పుస్తకం ద్వారా తెలిసింది. ఆ పంపుతో రెండు చిక్కులు. బలమైన ఇద్దరు మనుషులు గంటల తరబడి లాగాలి. పైగా పాత్ర లోపల ఏదైనా వస్తువు పెట్టి చూడ్డానికి వీల్లేదు. తనకి అలాంటిది కాదు, లోపల ప్రయోగం చేయగలిగేది కావాలనుకున్నాడు బాయిల్. ఆ పని రాబర్ట్ హుక్ చేతిలో పెట్టాడు. అప్పటికి హుక్‌కి ఇరవై నాలుగేళ్ళు, చేతిలో అసాధారణమైన పనితనం. స్ప్రింగుల నియమం చెప్పిన హుక్, గాలి స్ప్రింగు గురించి చెప్పిన బాయిల్ ఒకే బల్ల దగ్గర పనిచేశారంటే మెకానికల్ వాళ్ళకి పండగే కదా!

1659లో పంపు సిద్ధమైంది. పైన దాదాపు 28 లీటర్ల గాజు పాత్ర. దాని నెత్తిన వస్తువులు పెట్టడానికి మూత. కింద ఇత్తడి సిలిండర్, తోలు చుట్టిన పిస్టన్, దాన్ని పళ్ళ కమ్మీతో ఆడించే హ్యాండిల్. కుళాయి తెరిచి పిస్టన్ కిందికి లాగితే పాత్రలోని గాలి కొంత సిలిండర్‌లోకి వస్తుంది. కుళాయి మూసి, పక్కనున్న చిన్న బిరడా తీసి పిస్టన్ పైకి తోస్తే ఆ గాలి బయటికి పోతుంది. ఇలా మళ్ళీ మళ్ళీ.

కాగితం మీద ఇంతే. కానీ ఆ రోజుల్లో ఓ-రింగులు లేవు, టెఫ్లాన్ టేపు లేదు, సిలికాన్ లేదు. గాజు ఇత్తడిని కలిసేచోట మైనం లాంటి మందు పట్టీ ముద్ద పూసేవారు. వాల్వు మీద, పిస్టన్ మీద వంటనూనె పోసేవారు. అయినా గాలి ఎక్కడో ఒకచోట లోపలికి దూరేది. మా షెడ్డులో గాలి బయటికి పోకుండా చూడాలి, ఆయనకి లోపలికి రాకుండా చూడాలి. దిశ తిరగబడింది కానీ తలనొప్పి ఒక్కటే. బిగించినంతసేపూ పంపు కొడుతూనే ఉండాలి, ఆపితే పాత్ర మళ్ళీ మెల్లగా నిండిపోతుంది.

1660లో బాయిల్ ఈ పంపుతో చేసిన 43 ప్రయోగాలని పుస్తకంగా వేశాడు. వాటిలో నాకు బాగా నచ్చింది గొర్రెపిల్ల మూత్రాశయం ప్రయోగం. దాన్ని సగం గాలితో, ముడతలు పడి ఉండగా మూతి కట్టేసి గాజు పాత్రలో వేలాడదీశారు. బయటి గాలి లాగేస్తున్నకొద్దీ అది దానంతట అదే ఉబ్బింది. గాలి తిరిగి వదిలితే మళ్ళీ ముడుచుకుంది. లోపలికి కొత్తగా ఎవరూ గాలి ఊదలేదు. ఉన్న గాలే విచ్చుకుంది. అణచిపెట్టిన ఉన్ని కట్ట చెయ్యి తీయగానే పొంగినట్టు గాలి కణాలు కూడా పొంగుతాయని ఆయన ఊహ. మనమైతే దూది పరుపు అనుకోవచ్చు. కణాలు ఉన్నిలా ఉంటాయన్న బొమ్మ తర్వాత నిలవలేదు, అయితే గాలికి స్ప్రింగు గుణం ఉందన్న మాట నిలిచింది. ఆ బెంజ్ కారు బెలోస్ చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ మూత్రాశయమే గుర్తొస్తుంది.

ఇంకో ప్రయోగంలో పాదరసం గొట్టాన్ని పాత్రలో నిలబెట్టి గాలి లాగారు. బయటి గాలి ఒత్తిడే పాదరసాన్ని నిలబెడుతోందనేది నిజమైతే గాలి పోతున్నకొద్దీ అది దిగాలి. దిగింది. కానీ పూర్తిగా అడుక్కి రాలేదు. చివర్లో కొంచెం ఎత్తు మిగిలిపోయింది. ఇక్కడ నేనైతే ఏం చేసేవాణ్ణో మీకు ఇప్పటికే తెలుసు. సున్నా అని రాసి, ఓకే కొట్టేసేవాణ్ణి. బాయిల్ ఆ మిగిలిన ఎత్తునీ రాశాడు. లోపల ఇంకా కొంత గాలి ఉందని, పంపు కొంత లీకవుతోందని కూడా రాశాడు. అంతటితో ఆగకుండా, 1661లో ప్రయోగాలు ఎందుకు విఫలమవుతాయన్న విషయం మీదే రెండు వ్యాసాలు వేశాడు.

ఈ నిజాయితీకి ఖర్చు తక్కువేం కాలేదు. తత్వవేత్త థామస్ హాబ్స్ సరిగ్గా ఈ లీకునే పట్టుకున్నాడు. గాలి లోపలికి దూరుతూనే ఉంటే ఇక అది శూన్యం ఎలా అవుతుంది, ఈ యంత్రంతో తేలేదేమిటి అని 1661లో ఏకంగా పుస్తకమే రాశాడు. అదే ఏడాది ఫ్రాన్సిస్ లైనస్ అనే జెసూట్ పండితుడు ఇంకో వాదన తెచ్చాడు. పాదరసాన్ని నిలబెట్టేది బయటి గాలి కాదు, గొట్టం పైభాగంలో కంటికి కనబడని ఒక తాడు లాంటి పదార్థం లాగి పట్టుకుంటోందని ఆయన వాదన. హాలండ్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ సొంతంగా పంపు కట్టి, గాలి తీసేసిన నీళ్ళతో గొట్టం నింపి చూస్తే ఆ నీళ్ళు దిగనే లేదు. బాయిల్ పక్షం మొదట హైగెన్స్ పంపునే అనుమానించింది. 1663లో హైగెన్స్ లండన్ వచ్చినప్పుడు అక్కడి పంపులో కూడా అదే జరిగింది. తమకి మింగుడుపడని ఆ ఫలితాన్ని కూడా వాళ్ళు ఒప్పుకున్నారు. నీటి అణువులు ఒకదాన్నొకటి, గాజునీ పట్టుకుని ఉండటం వల్ల అలా జరుగుతుందన్న వివరణ చాలాకాలం తర్వాత వచ్చింది.

లైనస్‌కి జవాబుగానే మనం చదివిన నియమం పుట్టింది. తాడు వాదం ఎందుకు అక్కర్లేదో చూపించాలంటే గాలి స్ప్రింగు ఎంత బరువు మోయగలదో కొలవాలి. అందుకు జె ఆకారంలో వంచిన పొడవాటి గాజు గొట్టం తీసుకున్నారు. పొట్టి వైపు మూసేసి గాలి బంధించారు, పొడుగు వైపు నుంచి పాదరసం పోస్తూ పోయారు. మొదటి గొట్టం పగిలిపోయింది. రెండోదానికి, మళ్ళీ పగిలితే పాదరసం పోకుండా, కింద చెక్క పెట్టె అమర్చారు. గొట్టం ఎంత పొడుగంటే మెట్ల దగ్గర నిలబెట్టి, పైన ఒకరు పోస్తుంటే కింద ఒకరు రీడింగ్ చూడాల్సొచ్చింది.

1662లో ఆ పట్టిక అచ్చయింది. గాలి 48 భాగాలు ఉన్నప్పుడు ఒత్తిడి 29 పూర్ణాంకం 2/16 అంగుళాల పాదరసం. నాలుగో వంతుకి, అంటే 12 భాగాలకి అణిచేసరికి 117 పూర్ణాంకం 9/16 అంగుళాలు. లెక్క ప్రకారం సరిగ్గా నాలుగు రెట్లయితే 116న్నర రావాలి. అంగుళం పైనే తేడా. బాయిల్ ఏం చేశాడంటే, పట్టికలో రెండు గళ్ళు పెట్టాడు. ఒకదాంట్లో కొలిచినది, పక్కన నియమం నిజమైతే రావాల్సినది. తేడా అందరికీ కనబడేలా వదిలేశాడు. ఆ లెక్కని ముందు ఊహించింది రిచర్డ్ టౌన్లీ అని కూడా ఒప్పుకున్నాడు. నియమానికి తన పేరు పెట్టుకున్నది ఆయన కాదు, తర్వాతివాళ్ళు పెట్టారు.

1660 నవంబరు 28న లండన్‌లోని గ్రెషమ్ కాలేజీలో రాయల్ సొసైటీకి పునాది వేసిన పన్నెండు మందిలో బాయిల్ ఒకడు. తన పంపుని ఆ సొసైటీకే ఇచ్చేశాడు. తర్వాత హుక్ అక్కడ ప్రయోగాల బాధ్యుడయ్యాడు. 1668లో బాయిల్ లండన్‌కి మారి పాల్‌మాల్‌లో అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. 1670లో పక్షవాతం వచ్చి చాలాకాలం మంచం పట్టాడు. చూపు కూడా సరిగా ఉండేది కాదు, చెబుతుంటే ఇతరులు రాసేవారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆయన దగ్గర పనిచేసిన డెనీ పపాన్ ఇంకా మెరుగైన పంపు కట్టాడు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌కి ముత్తాత లాంటి పాత్ర తయారుచేసింది కూడా ఆ పపానే.

1680లో రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఎన్నుకుంటే బాయిల్ వద్దన్నాడు. పదవి కోసం ప్రమాణం చేయాలి, దానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఇది చదివినప్పుడు షీటు మీద నా సంతకం గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా అనిపించింది.

అయితే ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. పాదరసం పోసిన చేతులు, పంపు కొట్టిన చేతులు చాలావరకు కూలికి పనిచేసినవాళ్ళవి. హుక్, పపాన్ లాంటి కొద్దిమందివి తప్ప వాళ్ళ పేర్లు పుస్తకాల్లో లేవు. ఇంకో సంగతి, బాయిల్ జీవితమంతా రసవాదాన్ని నమ్మాడు. మామూలు లోహాన్ని బంగారం చేయొచ్చన్న ఆశతో, ఆ వంటకాలు మాత్రం సంకేత భాషలో దాచి రాసుకున్నాడు. బంగారం తయారీని నిషేధించే పాత చట్టం 1689లో రద్దవడంలో ఆయన ప్రయత్నం కూడా ఉంది. గాలి విషయంలో అన్నీ విప్పి చూపించినవాడే బంగారం విషయంలో తలుపులు మూసుకున్నాడు. మరి ఏది మిగిలింది? విప్పి చూపించిందే. ఎందుకంటే ఇంకొకరు దాన్ని చేసి చూడగలిగారు, తప్పు పట్టగలిగారు, సరిదిద్దగలిగారు. దాచినదాన్ని ఎవరూ ముందుకు తీసుకెళ్ళలేకపోయారు.

1691 డిసెంబరు 23న అక్క క్యాథరిన్ చనిపోయింది. వారం తిరిగేసరికి, డిసెంబరు 31న బాయిల్ కూడా పోయాడు. ఇద్దరినీ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చిలో పూడ్చారు. తర్వాతి శతాబ్దంలో ఆ చర్చిని పడగొట్టి కొత్తది కట్టారు. ఇప్పుడు అక్కడ ఆయన సమాధి లేదు.

ఇక ఉస్తాద్ ప్రశ్నకి జవాబు. గదిలో ఉష్ణోగ్రత సాయంత్రం 30 డిగ్రీలు, పొద్దున 17. కెల్విన్‌లో 303, 290. గేజ్‌లో 8 బార్ అంటే బయటి వాతావరణంతో కలిపి 9. తొమ్మిదిని 290తో గుణించి 303తో భాగిస్తే 8.6. అందులోంచి 1 తీసేస్తే గేజ్ చూపించాల్సింది 7.6. చూపించింది 7.2. అంటే తగ్గిన 0.8లో చలి వాటా 0.4, లీకు వాటా 0.4. సరిగ్గా సగం సగం. ఐదు నిమిషాల లెక్క. థర్మో పరీక్షలో ఇదే లెక్క చేసి నేను ఫుల్ మార్కులు తెచ్చుకున్నా కూడా.

సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ షెడ్డుకి వెళ్ళి ఉస్తాద్‌కి ఈ లెక్క చూపించా. ఆయన కాసేపు చూసి, షీటులో ఇంకో గడి గీయమన్నాడు. ఇప్పుడు అక్కడి టెస్ట్ షీటులో రెండు ఉష్ణోగ్రతలు, రావాల్సిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ పక్కపక్కనే ఉంటాయి. సంతకం వాటి కింద పెట్టాలి. ఆ రోజు నేను టెస్ట్ చేసిన మొదటి వాల్వు 0.1 తక్కువ చూపించింది. 0.1 అనే రాశా. దాన్ని బండికి ఎక్కించాలా, మళ్ళీ విప్పాలా అన్నది ఉస్తాద్ చూసుకుంటాడు.